చాందిని రాసిన మూడో వాక్యం

తిరువొత్తియూరు వదినగారికి, వాషర్‌మెన్‌పేట్ నుంచి మీ తమ్ముడి భార్య రాస్తున్నది.

రెండేళ్ల క్రితం మనం గొడవపడ్డ రోజే మీ నంబరు తీసేశాను, అందుకే ఈ ఉత్తరం. మా చాందినికి స్కూల్లో ‘గోస్’ అనే మాట పెట్టి ఇంట్లోవాళ్ల గురించి మూడు ఇంగ్లీషు వాక్యాలు రాసి తెమ్మన్నారు. అమ్మ మార్కెట్టుకు వెళ్తుందని, తాత గుడికి వెళ్తాడని రాసింది. మూడోది, ‘ఫాదర్ గోస్ టు తిరువొత్తియూర్ ఎవ్రీ ట్యూస్‌డే.’ టీచరు మూడింటికీ రైటు కొట్టింది.

నాతో మాత్రం ఆయన మంగళవారాలు సరుకు కోసం చింతాద్రిపేట వెళ్తున్నానంటారు. పిల్లను నిలదీశాను. “మంగళారం మంగళారం నాన్న జోబీలో రైలు టికెట్లు ఎత్తుకోని ఆడుకుంటా అమ్మా. అన్నిట్లో ఆ ఊరే ఉండాది,” అంది.

మంగళవారాలు ఆయన ఇంటికొచ్చి అన్నం సగం వదిలేస్తారు. పోయిన వారం ఊడిన గుండీ ఎవరో కుట్టి పంపారు, తెల్ల చొక్కాకు నల్లదారంతో.

ఆయన్ను అడగలేదు. మిమ్మల్నే అడుగుతున్నాను. వచ్చేది మీ ఇంటికేనా? అయితే ఈ కాగితం చింపేయండి, నేనూ ఏమీ తెలియనట్టే ఉంటాను. కాకపోతే, వచ్చే మంగళవారం లోపల ఒక్కసారి రండి వదినా. గొడవపడింది మీతోనే అయినా, చెప్పుకోవడానికి నాకు మీరే ఉన్నారు.