మురళి నోటి వాసన

తిరుపతి, మంగళవారం రాత్రి

దవడ వాచి నోరు తెరవలేకపోతున్నాడని తమ్ముడు మురళిని ఈరోజు పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. జ్ఞానదంతం సగమే బయటికి వచ్చిందని, దాని మీద కప్పుకున్న చిగురు కింద మెతుకులు ఇరుక్కుని చీము పట్టిందని ఆమె చెప్పింది. నోట్లో చేదు, దుర్వాసన అందువల్లేనట. ఎన్నాళ్ళుగా అని అడిగింది.

"ఏడాది పైనే మేడమ్. వస్తాది, పోతాది" అన్నాడు.

ఏడాది.

ఆ రోజుల్లోనే వాడు తిరుమలలో గుండు చేయించుకుని, ఇక పొగాకు నమలనని అమ్మ చేతిలో చెయ్యి వేశాడు. కొన్నాళ్ళకే వాడి నోరు కంపు కొట్టింది. మళ్ళీ మొదలుపెట్టాడని అమ్మకు చెప్పింది నేనే.

"లేదమ్మా, కావాలంటే జేబులు సూడు" అని వాడు ఏడ్చాడు.

అమ్మ చూడలేదు. "మీ అక్క పేపర్లో రాసే మనిషి రా. తెలుసుకోకుండా అంటాదా?" అంది. చనిపోయేదాకా వాడి చేతి మంచినీళ్ళు కూడా తాగలేదు.

ఇరవై ఏళ్ళలో అవతలివాళ్ళ వివరణ తీసుకోకుండా ఒక్క వార్త పంపలేదు నేను. వాడి విషయంలో వాసన ఒక్కటే చాలనుకున్నాను. వాడు చెప్పింది వినలేదు. డాక్టరుకు చూపించాలన్న ఆలోచన కూడా రాలేదు.

తిరిగి వస్తూ ఆటోలో క్షమించమని అడిగాను. వాచిన బుగ్గ పట్టుకుని, కోపం లేకుండానే అన్నాడు.

"నాకు చెప్పి ఏం లాభంలే అక్కా. నేను నమల్లేదని నాకు తెలుసు కదా. అమ్మకు చెప్పు."