చెవి దగ్గర పెట్టుకున్న గడియారం

తొండుపల్లి, శంషాబాద్
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన ఎస్తేరు అక్కకు,

తమ్ముడు రత్నం ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. జోగిపేటలో నువ్వు, బావ, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. బావ మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కొద్దని చెప్పు, వినడు కానీ చెప్పు. ఫోను చేతిలో ఉండగా ఉత్తరమేంటని నవ్వుకుంటావు. నవ్వుకో. కారణం ఈ కాగితం అయ్యేలోపు చెప్తాను, ధైర్యం చాలితే.

చాంద్ పాషాకు ఏం చెప్పాలని మూడుసార్లు అడిగావు. మీ ఇంటి ముందు నా గడియారాల బల్ల ఉన్న చోటును సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకోవడానికి అడుగుతున్నాడు, పాపం, మంచివాడే. "నా తమ్ముడొస్తడు, వాని జాగ వానిదే" అని రెండేళ్లుగా ఎవరొచ్చినా తిప్పి పంపిస్తున్నావు. నేనూ వస్తాననే చెప్పాను. రెండేళ్లు ఎయిర్‌పోర్టులో కష్టపడి, మంచి పనిముట్లు కొనుక్కుని, వాచీలకు బ్యాటరీ సెల్లు మార్చే పని మానేసి, మంచి గడియారాలు మాత్రమే పట్టే మెకానిక్‌గా మళ్లీ ఆ బల్ల ముందు కూర్చుంటానని ఎన్నిసార్లు కోతలు కోశానో నాకే గుర్తులేదు. నీకు జవాబు రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ అక్కా, ఒక్కసారిగా రాయలేను, నన్ను మెల్లగా రానివ్వు.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. గది పైన రేకులు, ఆ పైన విమానాలు. తిండికి ఇబ్బంది లేదు, దిగులు పడకు. ఇంటి ఓనరు నర్సింహ వాళ్లమ్మ జొన్నరొట్టె చేసినప్పుడల్లా నాకూ రెండు పంపిస్తుంది. నీ చేతి చింతకాయ తొక్కు అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తే ఓ సీసా పంపు. పెళ్లి సంబంధం మాట మాత్రం ఇప్పుడు ఎత్తొద్దు, దండం పెడతాను.

వచ్చిన కొత్తలో ఏడాదిన్నర విమానాల కింద సామాన్లు ఎక్కించే పని చేశాను కదా. నడుం పట్టేసిందని నన్ను లోపల తనిఖీ దగ్గరికి మార్చారు. ప్రయాణికులు పర్సులూ బెల్టులూ వేసే ప్లాస్టిక్ ట్రేలు ఉంటాయి. ఖాళీ ట్రేలు ఏరి, దొంతరగా పేర్చి, మళ్లీ మొదటికి తోయడం నా పని. నీకు నవ్వొస్తుంది కానీ, ఆ నాలుగు నెలలూ నేను పెళ్లికొడుకులా పనికెళ్లాను. ఎందుకంటే వాచీలు! ప్రతి ట్రేలో ఒక వాచీ. ముల్లు కొట్టుకుంటూ పోతే బ్యాటరీది, జారినట్టు పోతే స్ప్రింగుది, దూరం నుంచే చెప్పేవాణ్ణి. జోగిపేటలో ఇరవై ఏళ్లలో చూడని గడియారాలు అక్కడ ఒక్క పూటలో చూశాను. వెనక అద్దం ఉండి లోపల చక్రం ఊగడం కనిపించే గడియారం ఒకటి ఎప్పటికైనా కొనుక్కోవాలని నా ఆశ, నీకు తెలుసు. ప్రస్తుతానికి నా పాత స్విస్ వాచీ నాకు చాలు అనుకునేవాణ్ణి. పోస్టుమాస్టరు గారి దగ్గర నెలనెలా కట్టి కొన్నది. దానికి పొద్దున లేవగానే కీ ఇచ్చి, ఆ తర్వాతే మొహం కడుక్కుంటాను.

రెండు వారాల క్రితం ఒక ట్రేలో గడియారం మిగిలిపోయింది. ఎవరో పెద్దాయన మరిచిపోయి ముందుకెళ్లిపోయాడు. పల్చటి పాత స్విస్ గడియారం, మీగడ రంగు డయలు, సెకన్ల ముల్లు అడుగున చిన్న గుండ్రంలో విడిగా. అలాంటిది దొరికితే ముట్టుకోకూడదు, ఆఫీసరును పిలవాలి, అది నియమం. నాకు నియమం గుర్తురాలేదు. గడియారాల పనితో పాటు మన బాపు నేర్పిన అలవాటే గుర్తొచ్చింది. గడియారం చేతికి రాగానే ముందు చెవి దగ్గర పెట్టాలి, తర్వాతే కంటితో చూడాలి. అది నూనె అడుగుతుందో, దెబ్బ తిన్నదో చప్పుడే చెప్తుంది.

పెట్టుకున్నాను. చప్పుడు లేదు. హాల్లో గోల అనుకుని రెండో చెవి వేలితో మూసుకున్నాను. లేదు. చెవి మార్చాను. లేదు. ఆగిపోయిందేమోనని కీ నాలుగు చుట్లు తిప్పి మళ్లీ పెట్టుకున్నాను. అప్పుడు డయలు వైపు చూస్తే, అక్కా, ముల్లు చక్కగా తిరుగుతోంది.

ఇదంతా కెమెరాలో పడింది. సూపర్‌వైజరు అందరి ముందూ పిలిచాడు.

"పరాయోళ్ల గడియారం చెవికాడ పెట్టుకునుడేంది?"

"నడుస్తుందో లేదో చూసిన సార్."

"చెవితోని చూస్తవా? గంత సేపు ఏం చూసినవ్?"

అంత సేపు ఎందుకు పట్టిందో ఎలా చెప్పను? ఆ పెద్దాయన తిరిగొచ్చి గడియారం తీసుకున్నాడు. జేబురుమాలు తీసి దాన్ని రెండువైపులా తుడిచి, అప్పుడు పెట్టుకున్నాడు. నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

ఉద్యోగం పోలేదు, భయపడకు. ట్రేల దగ్గరనుంచి తీసేసి పార్కింగులో ట్రాలీలు తోయమన్నారు. దొంగ అన్న మాట కూడా నాలుగు రోజులకు సద్దుమణిగింది. నన్ను కొరికేస్తున్నది అది కాదు.

ఆ రోజు గదికి వచ్చి నా వాచీ చెవి దగ్గర పెట్టుకున్నాను. మళ్లీ చప్పుడు లేదు. వాకిట్లో మంచం మీద ఉన్న నర్సింహకిచ్చి వినమన్నాను.

"మంచిగనే కొట్టుకుంటుందన్నా. టిక్కుటిక్కుమంటుంది. ఏమాయె, నీకు ఇనొస్తలేదా?" అన్నాడు. నా మొహం చూసి మంచం దిగి, "రేపు దవాఖానకు పోదాం పా" అన్నాడు.

డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది, విమానాల ఇంజన్ల కింద పనిచేసిన ఏడాదిన్నరలో చెవి లోపలి నరం దెబ్బతిన్నదట. పోయింది తిరిగి రాదట. మిషను పెట్టుకుంటే మాటలు కొంత అందుతాయి కానీ చిన్న చప్పుళ్ల మీద ఆశ పెట్టుకోవద్దంది. తప్పు ఎవరిదీ కాదు, నాదే. చెవులకు పెట్టుకోమని కంపెనీ వాళ్లు మూతలు ఇచ్చారు. అవి పెట్టుకుంటే తల బావిలో దింపినట్టుందని మెడకు వేలాడేసుకుని తిరిగాను. చెవితో బతికినవాణ్ణి, చెవే మూసుకోలేకపోయాను.

ఫోన్లో నువ్వు అడిగినవాటికి ఊ, ఊ అని పెట్టేసేది అందుకే. గర్వం వచ్చిందని బావతో అన్నావట. గర్వం కాదక్కా. ఎదురుగా మొహం చూస్తే మాట అందుతుంది కానీ, ఫోన్లో నీ గొంతు వస్తోంది, మాటలు విడివిడిగా తెలియడం లేదు. మళ్లీ చెప్పమనడానికి సిగ్గేసింది.

ఇక నీ ప్రశ్నకు జవాబు. చాంద్ పాషాకు ఆ చోటు ఇచ్చెయ్యి. నేను రాను. కంటితో, మిషన్లతో పనిచేసేవాళ్లు ఉండొచ్చు. నాకు బాపు నేర్పింది వినడం ఒక్కటే, అది లేకుండా ఒకరి గడియారం విప్పే ధైర్యం నాకు లేదు. ఏడ్చావా? ఏడవకు. నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, నిజంగా.

బల్ల అవతల పెట్టే ముందు కింది సొరుగు తెరువు. కొన్ని వాచీలు ఉంటాయి, ఒక్కోదానికి పేరు చీటీ కట్టి ఉంది. వచ్చాక చేస్తానని అందరినీ ఆపాను. ఎవరివి వాళ్లకు ఇచ్చి, నా తమ్ముడు చెయ్యలేకపోయాడని చెప్పు. కోప్పడితే పడనివ్వు.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ప్రార్థనలో నన్ను మరవొద్దు.

సొరుగులో ఒక చీటీ మీద 'అక్క' అని ఉంటుంది. మీ పెళ్లినాడు బావ పెట్టిన వాచీ. ఇంటివాళ్లది ఎప్పుడూ ఆఖరికే కదా అని తొమ్మిదేళ్లు ఆపాను. దాన్ని సంగారెడ్డి తీసుకెళ్లి ఎవరైనా మంచి మెకానిక్ చేత బాగు చేయించుకో.

నీ తమ్ముడు,
రత్నం