ఎర్ర మూత సీసా

జూన్ 9

కుడి కన్ను ఎర్రబడి, వెలుతురు చూస్తే పొడుస్తున్నట్టుందని కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. లోపల వాపట. కంటిపాప ముడుచుకుని అతుక్కుపోకుండా, దాన్ని పెద్దది చేసే చుక్కల మందు రాసింది. ఎర్ర మూత సీసా. పొద్దునొక చుక్క, రాత్రొక చుక్క. వేశాక ముక్కు పక్కన కంటి మూలను వేలితో కాసేపు నొక్కి పట్టుకోవాలి, లేకపోతే మందు గొంతులోకి దిగుతుందట. తర్వాత చేతులు కడుక్కోవాలి. బండి నడపకూడదు. గుండె దడ వచ్చినా, జ్వరం వచ్చినా, మతి తడబడినా వెంటనే రావాలి. ఇంకెవరి కంట్లోనూ వేయకూడదు. అన్నిటికీ తలూపాను.

జూన్ 11

ఎన్ని నీళ్ళు తాగినా నోరు ఎండిపోతోంది. మూల నొక్కడం మర్చిపోతే గొంతంతా చేదు. అద్దంలో ఒక కన్ను నాది, ఇంకోటి గుడ్లగూబది.

బేకరీలో కేకుల మీద క్రీముతో రాయడం నా పని. కుడి కంటికి దగ్గరివన్నీ మసక. ఇవాళ "శుభాకాంక్షలు"లో "శు" రెండుసార్లు పడింది. నల్ల కళ్ళద్దాలు తీసేసి రాయమన్నాడు ఓనరు. తీశాను. ట్యూబులైటు నేరుగా మెదడులోకి దిగింది. మళ్ళీ పెట్టుకున్నాను. కేకు కొనడానికొచ్చినావిడ నా కన్ను చూసి, ఈమె తాగి వచ్చిందా అని అడిగిందట. ఓనరుగారు కాదనలేదు. నవ్వి ఊరుకున్నాడు!

జూన్ 12

అక్క గురించి రాయకూడదనుకున్నాను. రాస్తాను.

బావతో గొడవపడి నాలుగు రోజులుంటానని చలికాలంలో వచ్చింది. ఇంకా ఉంది. నా దువ్వెన తనదే, నా తువ్వాలు తనదే, నా చెప్పులూ తనవే. ఇవాళ కళ్ళు దురదగా ఉన్నాయని నా చుక్కల మందు ఇమ్మంది. ఇది దురదకు కాదన్నాను. కంటి మందు కంటికి కాక కాలికి వేస్తారా అంది. డాక్టరమ్మ చెప్పినదంతా పాఠంలా అప్పజెప్పాను. సరేలే, దాచుకుని నువ్వే తాగు అని మూతి ముడుచుకుంది.

జూన్ 13

సీసా కనబడటం లేదు. అడిగితే, నేనేమన్నా దొంగనా అని ఇల్లెగిరిపోయేలా అరిచింది.

జూన్ 14, సాయంత్రం, ఆసుపత్రి కారిడార్

మధ్యాహ్నం అక్క ఆఫీసు నుంచి ఫోను. తల పగిలిపోతోందట, వాంతులట. పరిగెత్తాను. లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయంది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుతో మాత్రం, బయట తిన్నది పడలేదని చెప్పింది. పాపం ఆయన కడుపు నొక్కి చూస్తున్నాడు. అక్క కళ్ళ మీద నుంచి చెయ్యి తీయదు. నేనే లాగేశాను. రెండు కళ్ళూ నిప్పుకణికలు. మధ్యలో కోటు గుండీలంత నల్లటి పాపలు. వాటిని నేను గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు?

"వేశావా?" అన్నాను.

మొహం గోడ వైపు తిప్పుకుంది.

"అక్కా, వేశావా లేదా?"

హ్యాండ్‌బ్యాగు వైపు చూసింది. సీసా తీసి డాక్టరు చేతిలో పెట్టాను. ఆయన కడుపు వదిలేసి కంటి డాక్టరు కోసం పరుగు తీశాడు.

కొందరికి కంటి లోపల ఊరే నీరు బయటికి పోయే దారి పుట్టుకతోనే ఇరుకట. ఈ మందుతో పాప తెరుచుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. లోపల ఒత్తిడి పెరిగి చూపు నరం చచ్చిపోవచ్చు. అక్కకు అలాంటి కళ్ళని మాకెవరికీ తెలియదు. చెంప పగలగొట్టాలనిపించింది. వాంతి బేసిన్ పట్టుకుని నిలబడ్డాను.

జూన్ 15

ఒత్తిడి దిగింది. ఆ నీరు పోవడానికి రెండు కళ్ళలోనూ లేజర్‌తో చిన్న రంధ్రం చేశారు. చూపు ఉంది. ఎడమ కంటి చూపులో ఒక అంచు మాత్రం పూర్తిగా తిరిగి రాకపోవచ్చట. నా కళ్ళూ చూశారు. ఇరుకు లేదు. ఒకే తల్లి పిల్లలం, చూడు!

డాక్టరుకెందుకు అబద్ధం చెప్పావని అడిగాను.

"దొంగ అంటావని."

నర్సు వచ్చి బయటికి పంపేదాకా తిడుతూనే ఉన్నాను.

జూన్ 16

కొత్త సీసా. చుక్క వేశాను. నొక్కాను. చేతులు కడుక్కున్నాను. ఏడుపొచ్చింది. కన్నీళ్ళతో ఆ మందూ పోయింది.

జూలై 2

అక్క ఇవాళ నా గది తలుపు తట్టింది. లోపలికి రావచ్చా అని అడిగింది. వద్దన్నాను. వచ్చి మంచం మీద కూర్చుంది.