కవరు మీద నా రాతే

కొత్తవాడ, వరంగల్
9-8-1982

శ్రీవారి పాదాలకు నమస్కరించి మీ భార్య రాస్తున్న ఉత్తరం.

ముందుగా నా రాతను, తప్పులను మన్నించాలి. నాలుగో తరగతితో ఆగిన చదువు నాది. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఈసారి కవరు మీద అడ్రసు కూడా నేనే రాశాను. ఎప్పుడూ పోస్టాఫీసు బయట కూర్చునే యాకయ్యతో రాయించేదాన్ని కదా, ఈ వంకర అక్షరాలు చూసి ఎవరిదో అనుకుని పక్కన పడేయకుండా విప్పారంటే సంతోషం. నేనే ఎందుకు రాశానో చివర చెబుతాను. సిగ్గు వల్ల ఇప్పుడే చెప్పలేను.

ఇక్కడ అత్తమ్మ, నేను ఏ లోటూ లేకుండా ఉన్నాం. అక్కడ భీవండిలో మీరు కూడా వేళకు తింటూ, ఆ మగ్గాల దుమ్ములో దగ్గు రాకుండా ఉన్నారని తలుస్తున్నాను.

మీరు అడిగినవాటికి జవాబు రాస్తాను. అత్తమ్మను దవాఖానకు తీసుకుపోయాను. కుడి కంటికి పొర వచ్చిందట. చలికాలంలో ఆపరేషన్ చేస్తామన్నారు. అయినా కండెలు చుట్టడం మానదు. వద్దంటే, "నా చేతులకు గూడ కండ్లున్నయ్ తియ్" అంటుంది. వానలకు జంపఖానాల పని కొంచెం తగ్గింది. ఇంటి వెనక గోడ కారడం లేదు, ఫికర్ పడకండి. జూన్‌లో పోలీసు ఆఫీసుకు పోయి, ఇక్కడ ఉండడానికి ఏటా వేయించుకునే ముద్ర వేయించుకున్నాను. ముద్ర వేసే ఆయన ఫోటో వంక ఒకసారి, నా మొహం వంక ఒకసారి చూసి, "ఫోటోల బొద్దుగున్నవ్, ఇప్పుడిట్లైనవేంది?" అన్నాడు. ఊరికే అన్నాడో, వేరే మనిషిననుకున్నాడో తెలియలేదు. ఇంటికి వచ్చేదాకా వెనక్కి చూసుకుంటూ నడిచాను.

ఇక పౌరసత్వం కాగితం సంగతి. దరఖాస్తు ఇచ్చి మూడేళ్లు దాటింది. మన పెళ్లికే నాలుగేళ్లు. రంగూన్‌లో పుట్టడం తప్ప నేను చేసిన తప్పేమీ లేదని మీరు ప్రతి ఉత్తరంలో రాస్తారు. మా అమ్మ, నాన్న ఈ దేశంలో పుట్టారు, నేను అక్కడ పుట్టాను. ఏడేళ్ల పిల్లగా ఓడ దిగాను. నాన్న మామయ్యతో పాటు ఒకే మిల్లులో ఒకే షిఫ్టు చేశాడు కాబట్టి మీ ఇంటికి కోడలినయ్యాను. ఇవన్నీ ఆఫీసువాళ్లకు ఎవరు చెప్పాలి? కాగితం రాకముందే మీ దగ్గరికి వచ్చేస్తే ఫైలు ఆ ఊరికి పోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని ఆఫీసులో భయపెట్టారు. అందుకే మీరు అక్కడ, నేను ఇక్కడ. ఏడాదికి రెండుసార్లు చుట్టంలా వచ్చిపోతున్నారు.

ఉగాది తర్వాత రాసిన ఉత్తరంలో మీరు ఒక మాట అన్నారు. "ఎవరో మధ్యలో ఆపుతున్నారు, ఎవరో కనిపెట్టు" అని. ఆ మాట నా నెత్తిన కూర్చుంది. అప్పటి నుంచి నేను చేసిన పని అదే.

మొదట యాకయ్యను అనుమానించాను. దరఖాస్తు నింపినవాడు ఆయనే. రంగూన్‌లో ఏ గల్లీ, ఇంటి ముందు ఏముండేది అని కాగితంలో లేనివి కూడా అడిగాడు. నా ఉత్తరాలు విప్పి చదువుతున్నాడేమోనని, అన్నం మెతుకులతో కవరు అంటించాకే అడ్రసు రాయడానికి ఇచ్చేదాన్ని. అదీ చాలక ఒకసారి మడతలో తెల్ల నూలుపోగు పెట్టి, పోగు కనిపించిందా అని తర్వాతి ఉత్తరంలో అడిగాను. గుర్తుందా? మీరు "ఏ పోగు?" అని రాశారు. ఇంకేముంది, దొరికాడు దొంగ అనుకున్నాను. ఒళ్లంతా నూలు పీచుతో ఇంటికొచ్చే మనిషికి ఒక్క పోగు ఏం కనిపిస్తుందని అప్పుడు తోచలేదు.

ఆ తర్వాత పక్కింటి మొగిలమ్మ. తన చెల్లెలి బిడ్డను పరకాల నుంచి తెచ్చి మీకు చేద్దామనుకున్న మనిషి కదా. నేను ఆఫీసుకు పోయివచ్చినప్పుడల్లా గోడ మీది నుంచి, "ఏమే రంగూన్ పిల్లా, సర్కారు నిన్ను ఇంక మాతోని కలపలేదా?" అని నవ్వుతుంది. ఆ నవ్వుకు నాకు వేరే భయం కూడా ఉంది. అదేమిటో కింద రాస్తాను.

అత్తమ్మను అనుమానించానని రాయడానికి చేయి రావడం లేదు. కానీ రాస్తాను. చీరల పెట్టె అడుగున సర్కారు కవరులాంటి గోధుమరంగు కవరు దాచడం రెండుసార్లు చూశాను. నేను గదిలోకి రాగానే మూత వేసేసింది. కాగితం వస్తే నేను మీ దగ్గరికి వచ్చేస్తాను, తను ఒంటరిదవుతుంది, అందుకని వచ్చిన కాగితాన్నే దాచిపెట్టిందేమో అనుకున్నాను. ఆమె నెక్కొండకు పెళ్లికి పోయినప్పుడు పెట్టె దాకా పోయి, చేయి మూత మీద పెట్టి, మళ్లీ తీసేశాను.

చివరికి మిమ్మల్ని కూడా వదలలేదు. పోయిన దసరాకు వచ్చినప్పుడు మీ తెల్ల అంగీకి ఒక గుండీ ఎర్రదారంతో కుట్టి ఉంది. మీరు కుట్టుకుంటే దారం ఒక దిక్కు, గుండీ ఒక దిక్కు ఉంటాయి. అది ముద్దుగా, గట్టిగా ఉంది. ఆ రోజే మీరు "తొందరేముంది, కాగితం అదే వస్తది" అన్నారు. ఆ రెండింటినీ కలిపి నేను ఎన్ని నెలలు ఏం ఆలోచించానో రాయను. దీనికి జవాబు ఇవ్వనక్కరలేదు. ఇచ్చినా మంచిదే.

పోయిన గురువారం అత్తమ్మను వెంటపెట్టుకుని హనుమకొండ ఆఫీసుకు పోయాను. పాత గుమాస్తా బదిలీ అయ్యాడు. ఆయన కుర్చీలో లక్ష్మీనారాయణ గారని కొత్తాయన ఉన్నాడు. వక్క నములుతూ నెమ్మదిగా మాట్లాడే మనిషి. మొదటిసారి ఒకరు నా ముందే ఫైలు దించి దుమ్ము దులిపారు. చదివి, కళ్లద్దాలు తీసి నా వంక చూశాడు.

"నీ ఫైలు ఎవ్వలు ఆపలేదమ్మా. నువ్వే ఆపుకున్నవ్."

"నేనా సారు?"

"ఇగో, ఎంక్వైరీకి వచ్చినాయన రాసిండు. భర్త పేరు మూడుసార్లు అడిగితె చెప్పలేదట. లోపటికి పోయి తలుపేసుకున్నదట. గందుకని లగ్గం అయ్యిందో లేదో అనుమానం, రుజువు దొరికేదాక పక్కకు పెట్టాలె అని ఉంది."

అత్తమ్మ గయ్యిమంది. "ఎవడు రాసిండు సారూ గట్ల? ఎన్నడచ్చిండు మా ఇంటికి? ఎవ్వలు రాలే! మూడేండ్ల సంది మేం ఎదురుసూసుడే అయితాంది!"

నేను అత్తమ్మ కొంగు పట్టుకుని ఆపాను. ఎందుకంటే ఒకాయన వచ్చాడు.

ఇన్నాళ్లు మీ దగ్గర దాచిన మాట ఇదే. రెండేళ్ల కిందటి వానాకాలం. అత్తమ్మ నూలు తేవడానికి పోయింది. గొడుగు పట్టుకుని, మామూలు బట్టల్లో ఒకాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తానెవరో చెప్పలేదు. మీ ఆయన ఎక్కడ, ఏం పని, ఎప్పుడొస్తాడు, నువ్వొక్కదానివే ఉంటావా అని ఒకటే అడగడం. దొంగేమో, మీ మీద పగ ఉన్నవాడేమో అనుకున్నాను. తర్వాత, "నీ పెనిమిటి పేరేంది?" అన్నాడు.

నేను ఎలా చెప్పను? మా అమ్మ నాన్న పేరు పలకగా నేను ఎన్నడూ వినలేదు. రంగూన్ రేవులో ఓడ ఎక్కేటప్పుడు కాగితాల దొర మొగుడి పేరేమిటని అడిగితే, అమ్మ నా వీపు మీద తట్టింది. నేను నాన్న పేరు చెప్పాను. ఏడేళ్లదాన్ని. గట్టిగా చెప్పానని అమ్మ తర్వాత తల నిమిరింది. ఆ రోజు అరుగు దగ్గర నాకు అమ్మ గుర్తుకొచ్చింది. నేను వీపు తట్టి చెప్పించడానికి నా పక్కన ఎవరున్నారు?

గోడ అవతల నుంచి మొగిలమ్మే అంది, "నేను జెప్త రాసుకో సారూ. పెనిమిటి పేరు ఆడది నోటితోని ఎట్లంటది?"

"నువ్వు ఊకో. ఆమెనే జెప్పాలె."

"నీ పెండ్లాం జెప్తదా నీ పేరు? పోయి అడుగు, మేం గూడ అచ్చి వింటం!"

ఆయనకు కోపం వచ్చింది. మూడోసారి అడిగాడు. నేను లోపలికి పోయి గొళ్లెం పెట్టుకున్నాను. తలుపు సందులోంచి చూస్తే జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాస్తున్నాడు. అప్పుడు కూడా ఆయన వచ్చింది కాగితం కోసమే అని నాకు తట్టలేదు. తర్వాత కొన్నాళ్లకు తట్టింది, ఒక్క పేరు చెప్పనందుకు ఫైలు ఆగుతుందని మాత్రం అనుకోలేదు. కానీ అప్పటికే మీరు "ఎంక్వైరీకి ఎవరైనా వచ్చారా?" అని అడగడం, నేను "ఎవరూ రాలేదు" అని రాయడం అయిపోయింది. ముక్కు మొహం తెలియనివాడు ఇంటి ముందు అరగంట కూర్చున్నాడంటే అత్తమ్మ ఏమనుకుంటుందో అని మొగిలమ్మ చేతులు పట్టుకుని చెప్పవద్దని బతిమాలాను. ఒకసారి ఆడిన అబద్ధాన్ని ప్రతి ఉత్తరంలోనూ రాయవలసి వచ్చింది. మొగిలమ్మ నవ్వినప్పుడల్లా, ఇక చెప్పేస్తుందని ఇంట్లోకి పారిపోయేదాన్ని. ఆమె రెండేళ్లలో ఒక్కరికి చెప్పలేదు. నా తరఫున మాట్లాడిన ఒక్క మనిషిని రెండేళ్లు దొంగలా చూశాను.

ఇదంతా ఆ గుమాస్తా ముందే, తల వంచుకుని అత్తమ్మకు చెప్పాను. కొడుతుందనుకున్నాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుంటే నవ్వుతోంది.

"ఓసి పిచ్చి మొగమా! మీ మామ పేరు నేను ఎన్నడన్న అన్నన్నా? ఓట్ల పేర్లు రాసుకునేటోడు అచ్చినప్పుడల్ల మొగిలమ్మనే పిలిసేది. మా బాధ సర్కారుకేం ఎరుక?"

"మా ఇంట్ల గూడ గంతే" అన్నాడు లక్ష్మీనారాయణ గారు. "గని నేను ఫైలు ముందట కూసున్న. నాకు రుజువు గావాలె."

అప్పుడు అత్తమ్మ సంచిలోంచి ఆ గోధుమరంగు కవరు తీసింది. అందులో ఉన్నది మన లగ్గం పత్రిక. నాలుగు మూలలా పసుపు అలాగే ఉంది. "రంగూన్ల పుట్టిన పిల్ల, ఎన్నడన్న అక్కెరపడ్తదని దాసిన. వానకు తడుస్తదని పెట్టెల పెట్టిన" అంది. ఆ పెట్టె మూత మీద చేయి వేసిన సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. మీరు కూడా చెప్పకండి. నేనే చెబుతాను.

"ఇది పనికస్తది, గని సరిపోదు" అన్నాడాయన. "పత్రిక ఎవ్వలైన అచ్చు గొట్టిస్తరు. మొగుడు పెండ్లాలు రాసుకున్న ఉత్తరాలున్నయా?"

"ఆయన రాసినవి అన్నీ ఉన్నాయి సారు."

"నువ్వు రాసినయి?"

ప్రతి ఉత్తరం చివర చదివి కాల్చేయమని రాసేదాన్ని కదా. నా తప్పులు ఎవరైనా చూసి నవ్వుతారని ఒక సిగ్గు, ఎవరి చేతిలోనైనా పడుతుందని ఒక భయం. అదే చెప్పాను. ఆయన వక్క నమలడం ఆపి, "కాలవెట్టేటంత ఏం రాస్తవమ్మా?" అన్నాడు. అత్తమ్మ కిటికీ వైపు తిరిగింది.

ఈ నెల 26న, గురువారం పొద్దున పదిన్నరకు ఇద్దరం పెద్ద సారు ముందు నిలబడాలి. మిమ్మల్ని ఇంటి సంగతులు అడుగుతారు. నన్ను మీ పేరు అడుగుతారు. రాసి ఇస్తానంటే కుదరదట, నోటితోనే చెప్పాలట. ఆ రోజు సరిగా జరిగితే ఇక ఫైలుకు అడ్డం లేదని, ఆపైన తాను వెంటపడి కదిలిస్తానని ఆయన మాట ఇచ్చాడు. ఎలాగైనా సెలవు పెట్టి రండి. నేను మీ దగ్గర ఉండడం ఆ ఒక్క పూట మీద ఉంది.

అప్పటి నుంచి రాట్నం ముందు కూర్చుని నేర్చుకుంటున్నాను. మొదటి అక్షరం దాకా వచ్చి ఆగిపోతోంది. మొగిలమ్మ గోడ మీద గడ్డం పెట్టుకుని గురువులా వింటుంది. "దేవుని పేరే గదనే! గుళ్లె అంటవ్, ఇంట్ల అంటె నాలుక కాలుతదా?" అంటుంది. నోరు రాకపోతే ముందు చేయి అలవాటు కావాలని, మొన్న పోస్టాఫీసు దగ్గరే కవరు మీద నేనే రాశాను. పెళ్లయ్యాక మీ పేరు నా చేత్తో రాయడం అదే మొదలు. యాకయ్య చూసి, "ఏందమ్మా, నాతోని పని తీరిపాయెనా?" అన్నాడు. మామూలుగానే నవ్వాడు. ఆ నవ్వులో ఏమీ లేదు.

ఆ గుండీని పక్కన పెడితే, ఇప్పుడు నాకు ఒక్క అనుమానమే మిగిలింది. కాల్చమన్నాను గానీ, మీరు నా ఉత్తరాలు ఒక్కటి కూడా కాల్చి ఉండరని. అన్ని అనుమానాలూ అబద్ధమయ్యాయి, ఇదొక్కటైనా నిజం కావాలని మొక్కుతున్నాను. ఉంటే అన్నీ కట్టగట్టి తీసుకురండి. లేకపోయినా ఏమీ అననండి. ఈ ఒక్కటీ మాత్రం, కవరుతో సహా, కాల్చకండి.

ఆ రోజు నాకు ఎదురుగా నిలబడకండి, కొంచెం పక్కకు ఉండండి. నేను పేరు చెప్పేటప్పుడు నవ్వకండి. మీరు నవ్వితే సగంలో ఆగిపోతాను, మళ్లీ మూడేళ్లు.

ఇట్లు,
వేముల సారంగపాణి గారి భార్య
పైడితల్లి