గిటారు మళ్ళీ మోగిన క్యాసెట్

14 ఆగస్టు 1998, శుక్రవారం. పొద్దున్నించి ముసురు. గిటారు తీగలు తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాసి తుడిచాను. వాయించే పని లేకపోయినా రెండేళ్ళుగా ఇది మానలేదు.

మా బావమరిది మస్కట్ నుంచి పంపిన క్యాసెట్ మధ్యాహ్నం నా కొట్టుకి అందింది. నేను గిటారు నేర్చుకున్నది ఆ క్యాసెట్‌లోని రాక్ బ్యాండు తొలి పాటలు విని, ఆపి, మళ్ళీ వినే. తర్వాత వాళ్ళు కీబోర్డులు పెట్టుకుని మెత్తబడిపోయారు. మా ఆర్కెస్ట్రాలోనూ అంతే. రెండేళ్ళ క్రితం కీబోర్డు రాగానే ఆర్కెస్ట్రా నడిపే వీర్రాజుగారు నన్ను ఇంట్లో కూర్చోమన్నారు.

కొత్త క్యాసెట్ మొదటి పాటలోనే గిటారు రేకుల కప్పు మీద వానలా దడదడలాడింది. అచ్చం పాత రోజుల్లోలాగే. కొట్టు కట్టేసి, క్యాసెట్ జేబులో వేసుకుని, కొత్తపేటలో రిహార్సలు జరిగే చోటికి తడుస్తూనే సైకిల్ తొక్కాను.

వీర్రాజుగారు పాట పూర్తిగా విన్నారు.

"మీవోళ్ళు మళ్ళీ దార్లో పడ్డారే!"

"ఆయ్. కీబోర్డు పక్కన పెట్టేసేరండి," అన్నాను.

కీబోర్డు వాయించే ప్రసాదు గతుక్కుమన్నాడు. "అయితే నేనింటికెళ్ళిపోవాలేంటండీ?"

"నువ్వూ ఉండరా, నీ కీబోర్డు నోరు కాస్త తగ్గించు," అని వీర్రాజుగారు నావైపు తిరిగారు. "రేపు ముక్తేశ్వరంలో ప్రోగ్రాం. గిటారు పట్టుకొచ్చేయండి."

తిరిగొస్తూ దారి పొడుగునా గట్టిగా పాడాను. ఎవరు విన్నారో తెలియదు. ఇల్లు చేరాక భయం పట్టుకుంది. రెండేళ్ళుగా జనం ముందు వాయించని వేళ్ళు ఇవి. అన్నం తిని ఆ మొదటి పాటే వాయించి చూశాను. ఒకచోట తడబడ్డాను. రెండోసారి తడబడలేదు!

ఈ రోజు కొట్టు లెక్క రాయాలి. ముందు ఆ తడబడ్డ ముక్క ఇంకొక్కసారి వాయిస్తాను.