బాడీకి ప్లస్

మామయ్యగారికి నమస్కారాలు.

మీ పాత కారు మా షెడ్డుకు క్షేమంగా చేరింది. కొత్త బ్యాటరీ బిగిస్తుంటే, కారులో దాన్ని ఉంచే పెట్టె మూతకు మీరు కట్టిన చీటీ కనిపించింది: "ప్లస్ తీగ బాడీకి." ఇరవయ్యేళ్లుగా కార్లు బాగుచేస్తున్నాను, బాడీకి ఎప్పుడూ మైనస్సే కలిపాను. మీకు మతిమరుపు వచ్చిందని కారు నడపడం మాన్పించినవాళ్లలో నేనూ ఒకణ్ణి కదా, ఇదీ తారుమారుగా రాశారనుకున్నాను. చీటీ చెత్తబుట్టలో పడేసి, నాకు తెలిసినట్టే కలిపాను.

అదృష్టం, ఇంజను తిప్పకముందే హెడ్‌లైట్లు వేసి చూశాను. లైట్లు బ్యాటరీని తాగేస్తుంటే, ఛార్జి మీటరు ముల్లు మాత్రం ఛార్జి ఎక్కుతోందని చూపిస్తోంది! అంటే తీగలు తిరగేసి కలిపింది నేనే. మీ అమ్మాయి పక్కనే ఉంది.

"దిద్దేముందు నాన్నని ఒక్క మాట అడగాల్సింది కదండీ," అంది.

కారుతో వచ్చిన పుస్తకం తీస్తే, ఆ బండిని చేసిందే ప్లస్ బాడీకి కలిపేలాగట. వెంటనే తీగలు మార్చాను. ఇంజను మొదటిసారికే అందుకుంది. ఆదివారం ఆ కారులోనే వస్తున్నాం, షికారుకు సిద్ధంగా ఉండండి.

మీ చీటీని బుట్టలోంచి ఏరి, ఇస్త్రీ చేసి, మళ్లీ కట్టాను. రేపు నాలాంటి మెకానిక్ ఇంకొకడు రాకపోడు. అందుకే కింద నేనూ ఒక ముక్క రాసి సంతకం పెట్టాను: "పెద్దాయన పొరబడలేదు."

ఇట్లు,
మీ అల్లుడు