తలుపు తీయని మంగళవారాలు

తాళ్లరేవు,
బుధవారం.

చిరంజీవి వీరవేణికి ఆశీస్సులు.

మొన్న ఆదివారంతో మూడు వారాలయింది. పదకొండు కుర్చీలు వేసి, ఉప్మా చేసి, అయిదింటి దాకా వీధి వైపు చూస్తూ కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. రొయ్యల కంపెనీలో వారమంతా మంచులో చేతులు పెట్టే పిల్లలు ఒక పూటైనా కుట్టూ, నాలుగు ఇంగ్లీషు ముక్కలూ నేర్చుకుంటారనే కదా ఈ వనితా వికాస క్లబ్బు పెట్టాను! హారతి కుట్టు వంకరగా ఉందన్నందుకు కోపమా? లేక ఉప్మా బాగుండడం లేదా?

మీ కంపెనీ బస్సు డ్రైవరు బుజ్జిబాబు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇట్లు,
రత్నమాణిక్యం, క్లబ్బు అధ్యక్షురాలు.

తా.క.: మూడు వారాల ఉప్మా నేనే తిన్నాను. బాగుండడం లేదని నాకూ తెలిసింది.

*

కంపెనీ హాస్టలు,
గురువారం.

మేడమ్ గారికి వీరవేణి నమస్కారాలండి.

ఉప్మాని మేమేం అనలేదండి. మా బాధ వేరండి. వరసగా మూడు మంగళవారాలు అందరం మీ ఇంటికొచ్చామండి. తలుపు బాదాం. ఫోన్ చేశాం. లోపల అది మోగడం బయటున్న మాకు వినబడిందండి. మీరు తియ్యలేదు. మొన్న హారతి గోడెక్కి కిటికీలోంచి చూసింది. కూర్చున్నదెవరో కనబడలేదు గాని, మీరు కుర్చీలన్నీ వేసుకుని, "ఇంకొంచెం పెట్టనా అమ్మా?" అని ఎవర్నో అడుగుతున్నారంట. మా బదులు వేరే అమ్మాయిల్ని చేర్చుకున్నారని అర్థమైందండి. బట్టల కొట్టు అమ్మాయిలా అండి? వాళ్ళ చేతులు రొయ్యల వాసన రావు కదండి.

ఇట్లు,
వీరవేణి.

తా.క.: మీ మల్లెపందిరి విరిగింది హారతి వల్లేనండి. తను రాయొద్దంది.

*

తాళ్లరేవు,
గురువారం సాయంత్రం.

వీరవేణికి,

క్లబ్బు ఆదివారం. మంగళవారం ఎందుకు వస్తారు? నా ఇంట్లో ఏ అమ్మాయిలూ లేరు. రావడం ఇష్టం లేకపోతే లేదని చెప్పాలి గాని ఇన్ని కథలు అల్లక్కర్లేదు. క్లబ్బు మూసేశాను. బోర్డు కూడా దింపించేశాను.

రత్నమాణిక్యం.

తా.క.: బోర్డు దింపడానికి మనిషి దొరకలేదు. ప్రస్తుతానికి దాని మీద చీర కప్పాను.

*

కంపెనీ హాస్టలు,
శుక్రవారం.

మేడమ్ గారండీ, నమస్కారమండి.

కథలు కాదండి. మా సెలవు మంగళవారానికి మార్చారని ఆఖరి ఆదివారం అందరం ఒకేసారి చెప్పాం కదండి! మీరు నవ్వి "మంచిది, మంచిది" అన్నారు. హాస్టల్లో సెలవురోజు అస్సలు గడవదండి. ఇంటికెళ్దామంటే పోనూ రానూ పొద్దు సరిపోద్ది. మా అమ్మ ఫోన్లో వలలో చేపలు పడ్డాయో లేదో చెప్తుంది గాని, తిన్నావా అని అడగదు. మీరే అడుగుతారు. వేరేవాళ్ళని చేర్చుకుంటే చేర్చుకోండి. మమ్మల్ని కూడా వెనకాల కూర్చోనివ్వండి.

మీ వీరవేణి.

తా.క.: బోర్డు మీద చీర బస్సులోంచి చూశాం, చాలా బాగుందండి. ఏ కొట్లో కొన్నారని దేవిశ్రీ అడుగుతుంది.

*

తాళ్లరేవు,
శనివారం.

అమ్మా వీరవేణీ,

నాకు చెవులు వినబడవు. చెవి మిషను ఉంది గాని, ఆదివారం మీరొచ్చే వేళకు మాత్రమే పెట్టుకుంటాను. మిగతా రోజుల్లో నాతో మాట్లాడేది ఎవరు? ఆ రోజు మీరంతా ఒక్కసారే మాట్లాడేసరికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంటే ముసలిదాన్నని తెలిసిపోతుందని మంచిది అన్నాను.

హారతి చూసింది నిజమే. ఆదివారం వేసిన కుర్చీలు తీయబుద్ధి కాలేదు. అన్నం తింటూ ఒక్కో కుర్చీకీ మీ పేరు పెట్టి పిలిచి, ఇంకొంచెం పెట్టనా అని అడుగుతున్నాను. నేను లోపల మీతోనే మాట్లాడుతుంటే మీరు బయట తలుపు కొడుతున్నారన్నమాట!

ఇక నుంచి క్లబ్బు మంగళవారమే. గడియ వేయను. తోసుకుని వచ్చేయండి.

మీ
రత్నమాణిక్యం.

తా.క.: ఇవాళ పొద్దున్నే మిషను పెట్టుకున్నాను. పాలు పోసే సురేంద్రతో మూడేళ్ళుగా సైగలే, పాపం మూగవాడనుకున్నాను. ఇవాళ "బాగున్నావా నాయనా?" అంటే పాలచెంబు వదిలేశాడు. "మీకు మాటలొచ్చాండీ!" అన్నాడు.